ఒకటి పోయినా ఏం కాదు

నిజాంపట్నం రేవులో పడవలకు మనుషుల అవసరం తీరిపోయి ఒక తరం గడిచింది. అవి తమంతట తామే సముద్రం మీదికి పోతాయి, తామే వలలు వేస్తాయి, తెల్లారేసరికి చేపల్ని జాతుల వారీగా గంపల్లో సర్ది ఒడ్డుకు చేరుస్తాయి. ఇంత తెలివి మీరిన రేవులో కూడా వేలంపాటకు మాత్రం మనిషి గొంతే కావాలి. యంత్రం పాడిన పాటను కొనేవాడు నమ్మడు. ఎక్కడో కూర్చుని ఎవడో తనను ముంచుతున్నాడని వాడి అనుమానం. శేషగిరి పాడితే, ముంచినా మొహం మీదే ముంచుతాడని ధైర్యం.

నిజానికి శేషగిరి గొంతు కూడా యంత్రమే. కొన్నేళ్ల కిందట గొంతులో పుండు లేస్తే డాక్టర్లు స్వరపేటికను తీసేసి, దాని చోట గళయంత్రం అమర్చారు. మాట్లాడాలనుకున్నప్పుడు మెదడు నుంచి గొంతుకు వచ్చే నరాల సంకేతాన్ని అది చదివి మాటగా పలుకుతుంది. ఆపరేషన్‌కు ముందు వారం పాటు అతని చేత మాట్లాడించి, అరిపించి, తిట్టించి, నవ్వించి, ఆ గొంతు తీరునంతా స్వరముద్రగా పట్టి యంత్రంలోకి ఎక్కించారు. అందుకే రేవులో ఎవరికీ తేడా తెలియలేదు. "వంజరం, వంజరం, ఎవడ్రా అక్కడ నిద్రపోతన్నాడు" అని అతను అరిస్తే అవతలి గట్టు మీది కొంగలు ఎప్పటిలాగే లేచిపోయేవి.

ఆ ఆషాఢంలో ఒక పొద్దున, పండుగప్ప గంప పాట మధ్యలో గళయంత్రం వేడెక్కి కాలిపోయింది. లోపలి స్వరముద్ర కూడా దాంతోపాటే పోయింది. ఆస్పత్రివాళ్లు ఆ పూటే కొత్త యంత్రం పెట్టి పంపారు. కొత్త యంత్రంలో ఫ్యాక్టరీ గొంతు ఉంటుంది. మెత్తగా, చల్లగా, బ్యాంకు కౌంటరు వెనకనించి వచ్చినట్టుంటుంది. దానికి తోడు కంపెనీవాళ్లు మర్యాద జల్లెడ ఒకటి బిగించారు. తమ యంత్రం ఎవర్నైనా తిడితే కేసులు తమ మీదికి వస్తాయని భయం. సొంత స్వరముద్ర ఎక్కించిన క్షణంలో ఆ జల్లెడ దానంతటదే తప్పుకుంటుంది, ఎందుకంటే ఎవడి గొంతుకు వాడిదే పూచీ.

మర్నాడు శేషగిరి పాటకు నిలబడ్డాడు. మొదటి ధర చెప్పినవాణ్ని చూసి అతను అనబోయింది, "ఆ ధరకి పండుగప్ప కాదురా, దాని తోక కూడా రాదు" అని. బయటికి వచ్చింది ఇది: "అయ్యా, తమరు సూచించిన ధర కొద్దిగా తక్కువగా ఉన్నందుకు చింతిస్తున్నాము." రేవు రేవంతా పడీ పడీ నవ్వింది. ఇంకొకడు అంతకన్నా తక్కువ ధర చెప్పి, "చింతించండి, చింతించండి" అన్నాడు. శేషగిరి ఒళ్లు మండి వాడి అమ్మా అబ్బా అన్నీ ఎత్తాడు. "మీ కుటుంబ సభ్యులందరికీ మా శుభాకాంక్షలు" అంది గొంతు. అతను గంప ఎత్తి నేలకేసి కొట్టి ఇంటికొచ్చేశాడు. ఈ వారంలో గొంతు తెచ్చుకోకపోతే పాటకు వేరేవాణ్ని చూసుకుంటామని రేవు సంఘం కబురు చేసింది.

అయినా అతనికి భయం లేదు. ఇంట్లో అలివేలు ఉంది.

అలివేలు అతని భార్య. బాపట్లలోని పరిశోధనాలయంలో జ్ఞాపకపు పలకల మీద పనిచేస్తుంది. దేశమంతా నలుగురి పెట్టె అని పిలుచుకునే చతుష్పలక పేటికను కనిపెట్టింది ఆవిడే. ఒకప్పుడు మనుషులు తమ ఫొటోలూ కాగితాలూ గొంతులూ ఎక్కడో పరాయి కంపెనీల దగ్గర దాచి, దానికి క్లౌడ్ అని పేరు పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోయేవారు. ఆ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి చేతులెత్తేశాక బుద్ధొచ్చి, మళ్లీ ఎవరి సొత్తు వాళ్లు ఇంటి కంప్యూటర్లో దాచుకోవడం మొదలెట్టారు. అయితే హార్డ్ డ్రైవ్ అన్నాక ఏదో ఒకరోజు పోతుంది. వాటి చోట కాంతితో రాసే జ్ఞాపకపు పలకలు వచ్చినా ఆ గుణం మారలేదు. వెనకటి తరంవాళ్లు దీనికి రైడ్ అనే ఉపాయం పన్నారు. నాలుగైదు డ్రైవ్‌లను కలిపి ఒకటిగా నడిపించడం.

అందులో రకాలున్నాయి. ఒక పలకలో ఉన్నదే రెండోదాంట్లోనూ రాస్తే అద్దం పద్ధతి. సమాచారాన్ని చీలికలు చేసి అన్నిటికీ పంచితే చారల పద్ధతి. ఇందులో ఒక్క పలక పోయినా మొత్తం పోతుంది. స్వరముద్రకు అద్దం పద్ధతి కుదరదు. గొంతు దొంగలు చెలరేగి తండ్రుల గొంతులతో కొడుకుల్ని దోచుకున్నాక వచ్చిన చట్టం ప్రకారం ఇంట్లో దాచే స్వరముద్రకు నకలు ఉండకూడదు. పాత రికార్డింగుల నుంచి గొంతు తయారుచేస్తే గళయంత్రం ఒప్పుకోదు. ముద్ర వేసిన అసలు ఒక్కటే చెల్లుతుంది. దాన్ని ముక్కలు చేసుకోవచ్చు, అంతే.

అలివేలు మూడో దారి పట్టింది. దాన్ని ఆవిడ అత్తవారింట్లో చెప్పిన తీరు ఇది: "మూడు గంపల చేపలు విడివిడిగా తూచి మూడు చోట్ల రాసిపెట్టండి. మొత్తం బరువు నాలుగో చోట రాయండి. ఏదో ఒక అంకె చెరిగిపోయిందనుకోండి, మిగతా మూడూ ఉంటే అదెంతో లెక్కకడితే వచ్చేస్తది. ఆ నాలుగో అంకె పేరు పూరకం." నలుగురి పెట్టెలో స్వరముద్ర మూడు చీలికలవుతుంది, నాలుగో పలకలో పూరకం ఉంటుంది. ఏ మూడు పలకలున్నా నాలుగోదాన్ని పునర్నిర్మించవచ్చు. పలకలన్నీ ఒకేచోట ఉంటే వరదకో నిప్పుకో అన్నీ ఒకేసారి పోతాయి కనుక, శేషగిరి స్వరముద్ర దాచిన నాలుగింటినీ వాళ్ల నాలుగు వాటాల మేడలో వాటాకొకటి పెట్టి తీగలతో ఇంటి కంప్యూటర్‌కు కలిపింది. కింది వాటాలో బావగారు తాతారావు, దాని పైన మరిది అంజి, ఆ పైన ఆడపడుచు హైమ, చిట్టచివర పైన తామిద్దరూ. ఒక్కొక్కరి గదిలో పలక బిగిస్తూ ఒక్కొక్కరికీ ధైర్యం చెప్పింది. "భయపడబాకండి. ఒకటి పోయినా ఏం కాదు."

ఇంటి కంప్యూటర్‌ను అందరూ కరణం అని పిలుస్తారు. అడిగిందానికి అడిగినంతే చెబుతుంది.

శేషగిరిని కుర్చీలో కూర్చోబెట్టి, గొంతుకు తీగ తగిలించి, అలివేలు అడిగింది. "కరణం, పలకలన్నీ ఉన్నాయా?"

"నాలుగూ హాజరమ్మా" అంది కరణం.

"చదువు."

కరణం చదివి చెప్పింది. "పై వాటా పలక చదివానమ్మా. మిగతా మూడూ హాజరు పలుకుతున్నాయి గానీ చదవబోతే ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే హాజరు ఎట్టా పలుకుతాయి?"

"అదే నాకూ అర్థం కావడం లేదమ్మా."

అలివేలు మెట్లు దిగి హైమ వాటాలోకి వెళ్లింది. గోడకున్న గూట్లో పలక లేదు. దాని తీగ చివర చిన్న బిళ్ళ వేలాడుతోంది. గోరంత బిళ్ళ. అంజి వాటాలోనూ అదే. కింద తాతారావు వాటాలో పలక ఉంది గానీ తీగ దానికి లేదు, బిళ్ళకే ఉంది. ఆ పలక మీద గుడ్డ పరిచి ఉంది, గుడ్డ మీద ఉప్పుచేపలు ఎండుతున్నాయి.

ఆ బిళ్ళను ఆవిడ అంతకు ముందు చూడలేదు గానీ ఊరంతా చూసింది. బజారులో దువ్వెనలూ పిన్నీసులూ అమ్మే ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. దాని పేరు హాజరు బిళ్ళ. పలక తీసేస్తే గదిలో పసుపు దీపం వెలుగుతుంది, కరణం గుర్తుచేస్తుంది. జనానికి దీపం చిరాకు. అందుకని ఎవడో పుణ్యాత్ముడు కనిపెట్టాడు. పలక స్థానంలో ఇది తగిలిస్తే, కరణం పేరు పిలిచినప్పుడల్లా పలక బదులు ఇది హాజరు పలుకుతుంది. కాలేజీలో ఒకడి బదులు ఇంకొకడు హాజరు పలికి పెరిగిన జాతి కదా, పలకలకు మాత్రం ఆ భాగ్యం ఎందుకు లేకపోవాలి?

ముగ్గుర్నీ మెట్ల మీద నిలబెట్టింది అలివేలు. చేతిలో మూడు బిళ్ళలున్నాయి.

"బావగారూ, ముందు మీరు చెప్పండి."

తాతారావు కండువా సర్దుకున్నాడు. "ముసురు పట్టిందమ్మా. చేపలు ఎండలా. ఆ పెట్టె ఎప్పుడూ వెచ్చగా ఉంటది గదా అని పైన పరిచా. ఉప్పునీళ్లు కారి దీపం వెలిగింది. కొట్టువాణ్ని అడిగితే బిళ్ళిచ్చాడు."

"నువ్వురా అంజీ?"

"డ్రోన్ పందేలకి ఇంకో పలక కావాల్సొచ్చింది వదినా. కొత్తది కొనేదాకా వాడుకుందామని పాతది తుడిచేశా."

"తుడిచేశావా?"

"పూర్తిగా" అన్నాడు అంజి, నిజాయితీగా.

"హైమా?"

హైమ తలొంచుకుంది. "పాతసామాన్ల బండి వచ్చింది వదినా. పాత చీరలకి చెంచాలే ఇస్తానన్నాడు. పలకైతే ఇడ్లీ పాత్ర ఇస్తానన్నాడు."

అలివేలు అరిచింది. మేడ మొత్తం వినపడింది.

"ఇడ్లీ పాత్ర! మనిషి గొంతు పెట్టి ఇడ్లీ పాత్ర తెచ్చుకున్నావా? నీ అన్న గొంతు కాదటే అది? మీ అమ్మ పోయిననాడు ఈ మేడంతా మోగేట్టు ఏడ్చిన గొంతు కాదటే? రేపట్నించి రేవులో ఆయనెట్టా నిలబడాలి? మీ ముగ్గురిలో ఒక్కరంటే ఒక్కరికి, ఇది నా దగ్గర పెట్టిన సొత్తు, నేను కాపాడాలి అనిపించలా? ఒక్కరికి?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ల మొహాల్లో తప్పు చేసిన భావం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. చివరికి అంజి అన్నాడు. "ఒకటి పోయినా ఏం కాదని నువ్వేగా చెప్పావు వదినా. ఆ ఒకటీ నాదే గదా అనుకున్నా."

"నేనూ అంతేనమ్మా" అన్నాడు తాతారావు. "మిగతా మూడూ ఉన్నాయిగా, కరణం కూడా హాజరంటందిగా అని."

హైమ తల ఊపింది.

పై మెట్టు మీద నిలబడి శేషగిరి అంతా విన్నాడు. అతని మెడ నరాలు తాళ్లలా పొంగాయి. అన్నను, తమ్ముణ్ని, చెల్లెల్ని ఏమేమి అనాలనుకున్నాడో అతనికే తెలియాలి. బయటికి వచ్చింది ఇది: "మీరందించిన సహకారానికి ధన్యవాదాలు. మీ రోజు శుభప్రదంగా గడవాలని కోరుకుంటున్నాము."

ఎవరూ నవ్వలేదు. అతను గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఏడుపును కూడా జల్లెడ ఆపేసింది. చప్పుడు లేకుండా భుజాలు మాత్రం ఎగిరిపడుతుంటే చూడలేక హైమ మొహం తిప్పుకుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. నలుగురి సొత్తయితే నలుగురూ కాస్తారని కాదు, నలుగురిలో ఒక్కడూ కాయడని.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా పట్టుకోక తప్పదు. అంజిది తుడిచేశాడు కనుక అది ఎటూ పోయినట్టే. మిగిలినవి మూడు. మూడూ కావాలి. అలివేలు తాతారావు పలకను విప్పి, స్వేదనజలంతో పొరపొరా కడిగి, ఉప్పంతా వదిలేదాకా పరిశోధనాలయంలో ఆరబెట్టింది. హైమ అట్లాగే పొయ్యి మీదున్న ఇడ్లీలు కాకులకు పడేసి, పాత్ర తోమి, చంకన పెట్టుకుని సామాన్ల బండివాడి కోసం రేపల్లె సంతకు వెళ్లింది. వాడు పాత్రను అటూ ఇటూ తిప్పి చూసి, అడుగు మాడిందన్నాడు. హైమ అక్కడే, సంత నడిమధ్యలో, తన అన్న గొంతు పోయిన కథంతా చెప్పి, వాడి ఏడు తరాలనూ దులిపింది. వాడు గోనె బోర్లించాడు. పాత పలకలు గుట్టగా పడ్డాయి. అన్నీ ఎవరెవరి ఇళ్లలోనో హాజరు పలుకుతున్నవే. పలక వెనక పెన్నుతో రాసిన వాటా గుర్తును బట్టి హైమ తమది పట్టుకుంది.

మూడు పలకలూ బిగించి చదివితే కరణం పూరకంతో లెక్కకట్టి, అంజి చెరిపేసిన చీలికను తిరిగి అల్లింది. శేషగిరి గొంతులో చిన్న గరగర వినిపించింది. జల్లెడ తప్పుకుంది. అతను మొదట అన్న మాటలు ఇక్కడ రాయడానికి కుదరదు. పేరుపేరునా, వాటా వాటాకూ దిగి, అన్నను ఉప్పుచేపలతో కలిపి, తమ్ముణ్ని డ్రోన్లతో కలిపి, చెల్లెల్ని ఇడ్లీ పాత్రతో కలిపి తిట్టాడు. ఆ గొంతుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తిట్లు తింటూ ముగ్గురూ కళ్లు తుడుచుకున్నారు. "ఇంకా తిట్టరా" అన్నాడు తాతారావు.

అలివేలు కోపం మాత్రం చల్లారలేదు. ఆ మూడు బిళ్ళలూ తీసుకుని బాపట్ల వెళ్లి, తనతోపాటు పేటికను రూపొందించిన ఫరీదా బల్ల మీద పడేసింది. ఫరీదా నెమ్మదస్తురాలు. అప్పటికే ఊరూరా తనిఖీ చేయించి ఉంది. నలుగురి పెట్టె కొన్న ఇళ్లలో సగానికి పైగా ఉత్త బిళ్ళలే హాజరు పలుకుతున్నాయి.

"హాజరు పిలవడం మానేసి, రోజూ పలక మొత్తం చదివిద్దాం" అంది ఫరీదా.

"బిళ్ళ కనిపెట్టినవాడు దానికీ ఇంకోటి కనిపెడతాడు. తప్పు పలకల్లో లేదు ఫరీదా. తప్పు మనం చెప్పిన మాటలో ఉంది. ఒకటి పోయినా ఏం కాదు అన్నాం. ఆ ఒకటి ఎవరిదో చెప్పలా. ప్రతివాడూ తనదే అనుకున్నాడు."

"అయితే పూరకం తీసేద్దామా? చారల పద్ధతిలో పెడితే నిజంగానే ఒకటి పోయినా అంతా పోతుంది. ఇంజినీరన్నవాళ్లు చేసే పనేనా అది?"

"పూరకం ఉంచుదాం. ఉందని చెప్పడం తీసేద్దాం."

ఫరీదా ఆవిడ మొహంలోకి చూసింది. "అబద్ధం చెప్పి అమ్మడం కదూ అలివేలూ?"

"నిజం చెప్పి అమ్మితే ఏమైందో చూశావు కదా. మనుషులకి మిగులు ఉందని తెలిసిందో, దాన్ని తినేదాకా నిద్రపోరు. నాకు వాళ్ల మీద గౌరవం పోయింది. గొంతులైనా మిగలనీ."

కొత్త పేటిక పెట్టె మీద ఎర్రక్షరాలతో ఒకే వాక్యం అచ్చు వేయించారు: ఏ ఒక్కటి పోయినా అన్నీ పోతాయి. లోపల మాత్రం పాత అమరికే. సంగతి ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. తమలో ఒకరు అల్లమంటే తప్ప బయటపెట్టొద్దని కరణాలకు కూడా ఆజ్ఞ. హాజరు పిలుపూ పసుపు దీపమూ అలాగే ఉంచారు. జనం భయపడుతున్నారో లేదో తెలియడానికి అవీ ఉండాలి కదా.

అలివేలు తమ మేడలోనూ పాత పలకలు తీసి కొత్తవి పెట్టింది. భయం బాగా పనిచేసింది. పనిచేయక ఛస్తుందా? తాతారావు తన పలకను పట్టుబట్టలో చుట్టి దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. తుఫాను వస్తే బియ్యం కన్నా ముందు దాన్నే పైకి మోసేవాడు. అంజి ఊరికి పోతే గదికి రెండు తాళాలు వేసి, దారిలోంచి ఫోన్ చేసి మరీ చూడమనేవాడు. హైమ ఊడ్చే యంత్రాన్ని ఆ గూటి దరిదాపులకు రానిచ్చేది కాదు. తనవల్ల అన్న గొంతు పోతుందేమోనన్న భయం ఒక్కొక్కరి మెడకు తాడులా ఉండేది. దేశంలో మిగతా ఇళ్లలోనూ అంతే. హాజరు బిళ్ళలు కొనేవాళ్లు లేక కొట్లవాళ్లు వాటిని పారబోశారు. ఎవరైనా మెచ్చుకుంటే అలివేలు మొహం చిట్లించేది. "మంచికి చెబితే వినని జనం, బెదిరిస్తే విన్నారు. అందులో మెచ్చుకునేదేముంది?"

కొన్నేళ్లు గడిచాయి. గళయంత్రానికి కాలం చెల్లింది, కొత్తది పెట్టించారు. మళ్లీ ఫ్యాక్టరీ గొంతు, మళ్లీ జల్లెడ. శేషగిరి కుర్చీలో కూర్చుని మెడ చాపాడు. "మీ సేవకు సిద్ధంగా ఉన్నాము" అన్నాడు భార్యతో. అతను అనబోయింది త్వరగా కానివ్వమని.

"కరణం, పలకలన్నీ ఉన్నాయా?"

"నాలుగూ హాజరమ్మా."

"చదువు."

"ఒకటి చదవడానికి రావడం లేదమ్మా. దాని చోట బిళ్ళ ఉన్నట్టుంది."

అలివేలు భగ్గుమంది. ఏ వాటాదని అడగను కూడా అడగలేదు. అడిగితే కరణం చెప్పేది. కోపం వచ్చినప్పుడు మనకు కావలసింది సమాధానం కాదు కదా, మనుషులు. తలుపు తీసి మెట్ల మీదికి వెళ్లి ముగ్గుర్నీ పేర్లు పెట్టి పిలిచింది. వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"మళ్లీ మొదలెట్టారన్నమాట. సిగ్గు లేకపోతే సరి. ఒక్కటి పోతే అన్నీ పోతాయని ఎర్రగా రాయించా గదయ్యా, అది కూడా కనపళ్లా? ఈసారి ఎవరు? చేపలు ఎండేశారా? పందేలకి తుడిచారా? ఏ బండివాడు ఏ గిన్నె ఇచ్చాడు? మీకు భయం కూడా పనిచేయదంటే ఇంక మిమ్మల్ని ఏం చెయ్యాలి? కంచే చేను మేస్తే కాపు ఎవరితో చెప్పుకోవాలి?"

తాతారావు ఒక్క మాట అనకుండా వెనక్కి వెళ్లి, పట్టుబట్ట మూటతో వచ్చాడు. మూట విప్పి పలక చూపించాడు. అంజి తాళాలు రెండూ తీసి తనది తెచ్చాడు. హైమ తనది కొంగులో పెట్టుకుని తెచ్చింది. మూడూ శుభ్రంగా, కొత్తవాటిలా ఉన్నాయి.

అప్పుడు గదిలోంచి కరణం చెప్పింది, ఎప్పటి నెమ్మదితోనే. "లేనిది పై వాటాదమ్మా. మీది."

అలివేలు గుర్తుచేసుకుంది. గుర్తుచేసుకోవడానికి పెద్ద కష్టం కూడా పడలేదు. చలికాలంలో ఒకరోజు పలకలు చదివే కొత్త యంత్రాన్ని పరీక్షించడానికి ఫరీదాకు ఒక పలక అవసరమైంది. రెండు రోజుల్లో తెచ్చి పెట్టేద్దామని తనది తీసి ఇచ్చింది. దీపం వెలిగి అంతా కంగారుపడతారని, అప్పట్లో వీళ్ల దగ్గర లాక్కున్న బిళ్ళల్లో ఒకటి ఫరీదా బల్ల సొరుగులో ఉంటే తెచ్చి తగిలించింది. ఫరీదా ఆ పలక మీద ఇంకేదో రాసేసింది. తనూ మరిచిపోయింది. అందరిలోనూ తనొక్కతే మరిచిపోగలిగింది, ఎందుకంటే అందరిలోనూ తనొక్కతికే తెలుసు, ఒకటి పోయినా ఏం కాదని.

శేషగిరి తీగ లాక్కుంటూ గుమ్మం దాకా వచ్చాడు. అతని మొహం తెల్లబోయింది. తన గొంతు ఇక ఎప్పటికీ రాదనే అతను నమ్ముతున్నాడు. నమ్మకుండా ఎట్లా ఉంటాడు? భార్యే కదా చెప్పింది. అతని పెదవులు కదిలాయి. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది గొంతు. హైమ నోట్లో కొంగు కుక్కుకుంది.

నిజం చెబితే దేశమంతటా పెట్టెలు మళ్లీ బోలుగా మారతాయి. చెప్పకపోతే ఈ మనిషి బతికినన్నాళ్లూ శత్రువులకు శుభాకాంక్షలు చెబుతూ బతకాలి. అలివేలు అతని మొహాన్ని ఇంకొక్క క్షణం కూడా చూడలేకపోయింది.

"మూడూ తగిలించండి" అంది. "కరణం, ఉన్న మూడింటితో అల్లు."

"మూడింటితో వస్తదా వదినా?" అన్నాడు అంజి.

కరణం చెప్పింది. "వస్తుంది."

గరగర మొదలైంది. శేషగిరి ఒకసారి దగ్గాడు. అది అతని దగ్గే. అందరి వంకా చూసి, చివరికి భార్య వంక చూశాడు. సంగతి అతనికి ముందుగా అర్థమైంది.

"అంటే ఇన్నేళ్లూ మా అన్నయ్య నిద్ర మానుకుని దాన్ని కాపలా కాసింది ఊరికేనా?" అన్నాడు, సొంత గొంతుతో. అరవలేదు. రేవులో ఎన్నడూ వినని చిన్న గొంతుతో అన్నాడు. "వాళ్లని దొంగల్ని చేసి మెట్ల మీద నిలబెట్టావు. బిళ్ళ తగిలించింది నువ్వు."

అలివేలు తల ఎత్తలేదు. హైమ దగ్గరికి వచ్చి, వదిన భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో ఆగిపోయింది.

తాతారావు ఇంకా ఆలోచిస్తున్నాడు. పెద్దవాడు, నిదానంగా అర్థమవుతుంది. మూడు పలకల్నీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు, తమ్ముడి గొంతు విన్నాడు, మళ్లీ పలకల్ని చూశాడు. ఏళ్ల తరబడి నొసటి మీద బిగుసుకున్న మడతలు ఒక్కొక్కటీ విడిపోయాయి.

"అంటే" అన్నాడు, మెడ మీది బరువు దిగిన మనిషిలా, "ఒకటి పోయినా ఏం కాదన్నమాట."

"అన్నయ్యా" అని మేడ అదిరేట్టు అరిచాడు శేషగిరి.

తాతారావు వినిపించుకోలేదు. పట్టుబట్టను నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుని, పలకను అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్లాడు. బయట ముసురు పట్టి ఉంది.